పన్నీరు దిగని పొద్దు

హుసేనప్పకు ఏడుపు రాలేదు.

కూతురు గౌసియా జ్వరంతో పోయింది. మట్టి ఇచ్చిన రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అత్త జైనబీ వాకిట్లో నిలబడి అందరూ వినేలా అంది: "వానాకాలం రాయైనా చెమరుస్తుంది. ఈ మనిషి కన్ను చెమర్చదు."

ఆ మాట నిజమేనని అతను నమ్మాడు. దర్గాకు వెళ్ళి, శిష్యుడైన రోజు గురువు జమాల్ బాబా కప్పిన పచ్చ శాలువా తీసి ఆయన ముందు పెట్టాడు.

"తీసుకోండి బాబా. దేవుడి పేరు తలుస్తూ జిక్ర్‌లో కూచుంటే అందరికీ కళ్ళ నీళ్ళొస్తాయి. నా లోపల చల్లబడిపోయింది. దేవుడి దయ ఇక నా దగ్గర ఆగదు. నాకిక్కడేం పని?"

బాబా శాలువాను ముట్టుకోలేదు.

"రేపు బిడ్డకు నలభయ్యో దినం. సమాధి మీద చల్లను పన్నీరు కావాలి కదరా. అది దించి పో."

ఆ దర్గాలో పన్నీరు దించడం పెద్ద విద్యేమీ కాదు. రాగి డేగిసాలో నీళ్ళు, గులాబీ రేకులు పోస్తారు. నడుమ ఒక ఇటుక, ఇటుక మీద ఖాళీ గిన్నె. డేగిసా మూతి మీద చన్నీళ్ళు నింపిన బిందెను కూచోబెట్టి, సందుల్లో గోధుమపిండి మెత్తుతారు. లేచిన ఆవిరి బిందె అడుగును తాకి, బొట్లుబొట్లుగా గిన్నెలోకి జారుతుంది. బిందెలో నీళ్ళు వేడెక్కితే తీసేసి మళ్ళీ చల్లటివి పొయ్యాలి. అదొక్కటే మరిచిపోకూడదు.

హుసేనప్ప పొయ్యి ముందు కూచున్నాడు. రేకులు వలిచేటప్పుడు గౌసియా పక్కన చేరి సగం నోట్లో వేసుకునేది. అది గుర్తొచ్చి మంట వైపు చూస్తూ ఉండిపోయాడు. బిందెలో నీళ్ళు పొగలు కక్కినా లేవలేదు.

సాయంత్రం తీసి చూస్తే గిన్నె అడుగు తడిసిందంతే. పిండి పగుళ్ళలోంచి ఆవిరంతా పోయింది.

"ఇది కూడా చేతకాలేదు బాబా. బిడ్డకు నేనిచ్చే ఆఖరిది."

బాబా తిట్టలేదు. ఆ వేడి బిందెనే గుడ్డతో పట్టుకుని, ఉడుకుతున్న డేగిసా మీద కాసేపు ఆనించి ఎత్తాడు. అడుగున ఏమీ లేదు. ఆ నీళ్ళు పారబోసి, బావి నీళ్ళు తెచ్చి నింపి, మళ్ళీ ఆనించాడు. ఈసారి ఎత్తేసరికి అడుగంతా చెమర్చి ఉంది. చూస్తుండగానే ఒక బొట్టు ముదిరి గిన్నెలో పడింది.

"చెయ్యి పెట్టు. ఎట్లుంది?"

హుసేనప్ప బిందె మీద అరచెయ్యి ఆనించాడు.

"గౌసియాను గుంతలోకి దించేటప్పుడు... ఒళ్ళు ఇట్లాగే చల్లగా ఉండింది బాబా."

బాబా తల దించుకున్నాడు. పొయ్యిలో కట్టె చిటపటమంది.

"ఆవిరి యాడ ఆగిందో చూసినావు కదా," అన్నాడు చివరికి.

హుసేనప్ప కళ్ళు పొడిగానే ఉన్నాయి. మిగిలిన రేకులు డేగిసాలో పోసి, బిందె కూచోబెట్టి, పిండి కొత్తగా మెత్తాడు. శాలువా పెట్టినచోటే ఉంది. చేద తీసుకుని బావి వైపు నడిచాడు.

వెనకనుంచి బాబా గొంతు వినిపించింది.

"వేడెక్కనియ్యొద్దు నాయనా."