ఇంటర్‌కూలర్‌కు అడ్డంగా దొర పేరు

జమీందారీలు పోయినా పొగరు పోని ఊళ్ళో భూపాలదొర ఉండేవాడు. కొండ పందెం కోసం పాత జీపుకు ఏనుగు కాళ్ళంత టైర్లు, టర్బో వేయించాడు. టర్బో తోసే వేడిగాలిని చల్లార్చి ఇంజనుకు పంపే ఇంటర్‌కూలర్‌ను మెకానిక్ సైదమ్మ జీపు ముందు బిగించింది. దొర దానికి అడ్డంగా తన పేరున్న ఇత్తడి పలక కొట్టించాడు.

“గాలి తగలకపోతే అది చల్లారదు దొరా. జీపు కొండెక్కదు. పలక తీసేద్దాం,” అంది సైదమ్మ.

“నా పేరే తీస్తావా? తియ్యడానికి వీల్లేదు. పందెం ఓడితే మాత్రం నీ షెడ్డు పీకిస్తా.”

సైదమ్మ లోపల తిట్టుకుని చేతులు తుడుచుకుంది.

“సరే, ఉంచండి. ఇంతకీ పందెంలో ఈ పలక ఎవరికి కనబడుతుంది?”

“అందరికీ.”

“అడవి దారిలో జనమెక్కడ దొరా? మీకంటే ముందు పోయేవాడికి కనబడాలి, వాడు వెనక్కి తిరిగితే. మీ ముందు ఎంతమంది ఉంటారంటారు?”

“ఒక్కడూ ఉండడు.”

“మరి మీ వెనక?”

దొర ఆమె చేతిలోని స్పానర్ లాక్కుని, పలక తనే విప్పి జీపు వెనక బిగించాడు.

జీపు గెలిచింది. దారిలోని బురదంతా చిమ్మి పలకను కప్పేసింది. కొండ మీద బహుమతి ఇచ్చే పెద్దమనిషి జీపు చుట్టూ తిరిగి, “ఇంతకీ ఇదెవరిది?” అని అడిగాడు.