రెండు తొట్ల మిషను

కూర్మనాథం మాస్టారు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. విజయనగరంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తరవాత తన అరుగు మీద ఉదయం పూట ఉపనిషత్తులు చెప్పడం మొదలుపెట్టారు. మంత్రం చదువుతారు, అర్థం చెబుతారు, అంతవరకే. ఎవరైనా ప్రశ్న అడిగితే మాత్రం లేచి చెప్పులు వేసుకుని "పదవోయ్" అంటారు. అడిగినవాడు ఆయన వెనకాల నడవాలి. అది చేపల బజారు కావచ్చు, బస్టాండు కావచ్చు, ఎవరి పెరడైనా కావచ్చు. జవాబు అక్కడెక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. దొరక్కపోతే కాళ్లకి వ్యాయామమైనా అవుతుందనేవారు.

ఒక ఆదివారం విశ్వపతి అనే శిష్యుడు ఆయన్ని ఇలా అడిగాడు: "మాస్టారూ, శుచి అంటే ఏవిటి? శుభ్రంగా ఉండడమేనా, లేక అది వేరే విషయమా?"

విశ్వపతి కాలేజీలో పాఠాలు చెబుతాడు. మంచివాడు, చాలా పుస్తకాలు చదివినవాడు. చలవ చేసిన తెల్లని పంచె కట్టుకుని వస్తాడు. ఇలాంటి ప్రశ్నలు చదువుకున్న మగవాడికే తీరుబడిగా తోస్తాయి. తన పంచె ఎవరు ఉతుకుతున్నారో చూసుకోవలసిన పని అతనికి లేదు గనక మనసు శుచి వైపు పోతుంది. ఉతికే మనిషికి ముందు మురికి కనబడుతుంది, తరవాత నడుంనెప్పి తెలుస్తుంది. శుచి దాకా వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. ఇంతలో పక్కింటి జగన్నాథం గోడ మీంచి తల పెట్టి పిలిచాడు. "మాస్టారూ, కాస్త మాతో షాపుకి రండి. మా అమ్మ మీ మాటైతే వింటుంది."

"అదీ మంచిదే. పదవోయ్ విశ్వపతీ," అన్నారు మాస్టారు.

జగన్నాథం రైల్వేలో గూడ్సు బండి గార్డు. ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడు వస్తాడో అతనికే తెలియదు. భార్య రత్నకుమారి ఆసుపత్రిలో నర్సు. ఆమె కులం వేరు, ప్రార్థించే దేవుడు వేరు. ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. బడికెళ్లే పిల్లలిద్దరున్నారు, ఇద్దరూ ఎర్రమట్టిలో కబడ్డీ ఆడి వస్తారు. ఇక జగన్నాథం తల్లి నరసమాంబగారు. కోడల్ని మొదట్లో గుమ్మం దగ్గరే నిలబెట్టిన మనిషి. మనవరాలు పుట్టాక లోపలికి పిలిచింది. తరవాత ఆ కోడలు లేకపోతే ముద్ద దిగని స్థితికి వచ్చింది. ఒక్క మడి మాత్రం వదల్లేదు. పొద్దున్నే స్నానం చేసి, తన చీర తానే జాడించి, పెరట్లో తీగ మీద ఆరేసుకుంటుంది. ఆరిన ఆ చీరే మర్నాడు కట్టుకుని దేవుడి దగ్గర కూర్చుంటుంది. ఆ చీరని ఇంకొకరు ముట్టుకోకూడదు.

ఆ ఇంట్లో బట్టలుతికే మిషను పాడైంది. బాగుచెయ్యడానికి వచ్చినవాడు లోపలంతా చూసి, దీని మీద పెట్టే ఖర్చు దండగని చెప్పేసి వెళ్లిపోయాడు. అప్పటినించి వారాల తరబడి కొత్తది ఎంచుతున్నారు. జగన్నాథానికి ముందు వైపు గాజు తలుపున్నది కావాలి. దాని గురించి సెల్లులో చూడని వీడియో లేదు. దసరాకి ధర తగ్గుతుంది, అందాకా ఆగుదామంటాడు. నరసమాంబగారు పేపర్లో బొమ్మ చూసి రెండు తొట్ల మిషనే కావాలని పట్టుబట్టింది. అది ధరలోనూ తక్కువే. కానీ కొడుకుకి అది పాతకాలం సరుకులా కనబడింది. వీళ్లిద్దరూ ఇలా తేల్చుకుంటుంటే, పిల్లల మట్టి బట్టలు, గార్డుగారి నూనె మరకల బట్టలు, తన ఆసుపత్రి బట్టలు అన్నీ రత్నకుమారి డ్యూటీ నించి వచ్చి కుళాయి దగ్గర చేత్తో ఉతుకుతోంది. ఏ మిషను కావాలని ఆమెని ఎవరూ అడగలేదు. ఎంచడంలో ఉన్న సరదా ఎంచేవాళ్లది. ఆ ఆలస్యాన్ని మోసేది మాత్రం వేరొకరు.

షాపు కిటకిటలాడుతోంది. నరసమాంబగారు కొంగు బిగించి తిన్నగా రెండు తొట్ల మిషను దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేసింది.

"ఇదే. ఈ తొట్టిలో నావి. ఆ తొట్టిలో మీవి. ఎవరి మానాన వాళ్లం. తీసుకోరా."

మిషన్లు చూపించే పెద్దమనిషి వినయంగా చెప్పాడు. "అమ్మా, ఉతికేది ఈ ఒక్క తొట్టేనండి. రెండోది ఉతకదు. ఉతికినవాటిని పిండుతుందంతే."

ఆవిడ మూత ఎత్తి లోపలికి చూసింది. "అంటే నావి కూడా అందులోనేనా పిండడం?"

"అందరివీ అందులోనేనమ్మా."

ఆవిడ మొహం వాడిపోయింది. జగన్నాథానికి నవ్వాగలేదు. "ఇన్నాళ్లూ ఇందుకేనా అమ్మా రెండు తొట్లు, రెండు తొట్లు అన్నావు? మడి మిషను అనుకున్నావా?"

"నవ్వు. నీ గాజు తలుపు మిషనుకి ఒకటే తొట్టి కదా, ముందే తెలుసు నాకు."

పెద్దమనిషి బేరం పోతుందేమోనని చొరవ చేశాడు. "ఆ గాజు తలుపు దాంట్లో నీళ్లు బాగా మరుగుతాయమ్మా. క్రిములన్నీ చచ్చిపోతాయి. మీ మడికేం ఇబ్బంది ఉండదు."

"క్రిములు చస్తే మడి నిలుస్తుందని ఏ పంతులు చెప్పేడయ్యా నీకు?"

అప్పుడు విశ్వపతి కల్పించుకున్నాడు. ఎవరు పిండారన్నది ముఖ్యం కాదని, పిండిన తరవాత మళ్లీ నీళ్లలో ముంచి ఆరేసుకుంటే దోషం లేదని, పట్టుబట్టకైతే అసలు ఆ పట్టింపే లేదని చెప్పుకుంటూ పోయాడు. నరసమాంబగారు అంతా విని అతని పంచె వైపు ఒకసారి చూసింది.

"నాయనా, ఈ పంచె ఎవరు ఉతికేరు?"

"మా ఆవిడండి."

"ఆవిణ్ణి తీసుకురాకపోయావా? ఇంతకన్నా బాగా చెప్పేది."

విశ్వపతి పంచె కుచ్చెళ్లు సర్దుకున్నాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

ఆదివారం గనక షాపులో ఒక మిషన్లో నీళ్లు పోసి, సబ్బు వేసి తిప్పి చూపిస్తున్నారు. పెద్దమనిషి రత్నకుమారిని పిలిచాడు. "అమ్మా, వాడేది మీరే కదా. గుడ్డ తీసి పక్క తొట్టిలో వెయ్యండి, ఎలా పిండుతుందో చూద్దురు గాని." ఆమె సబ్బు నీళ్లలో చెయ్యి పెట్టింది. పెట్టీ పెట్టగానే స్... అని వెనక్కి లాక్కుంది. కొంగులో దాచుకోబోయింది.

నరసమాంబగారు ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి ఉంది. రెండు చోట్ల ఎర్రగా పుండు కట్టింది.

"ఏవిటే ఇది?"

"ఏం లేదు లెండి అత్తయ్యా, సబ్బు పడలేదంతే."

"ఏం లేకపోవడమేం?" అన్నాడు జగన్నాథం. "ఆ చేతుల వల్లే దాన్ని ఆపరేషన్ థియేటర్లోంచి తీసి వార్డులో వేశారమ్మా. వచ్చేవారానికి మానకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తార్ట." అన్న తరవాత గాని, దసరాదాకా ఆగుదామన్నది తానేనని అతనికి గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చాక నేల చూపులు చూశాడు.

ఆ చోటు కోసం రత్నకుమారి ఎన్నేళ్లు రాత్రి డ్యూటీలు చేసిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నరసమాంబగారు ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.

"చెయ్యి చిట్లితే థియేటర్లోకి రానివ్వరా?"

"రానివ్వరత్తయ్యా. ఆపరేషన్‌కి ముందు మోచేతులదాకా తోముకుని కడుక్కోవాలి. కడుక్కున్నాక ఎవర్నీ ముట్టుకోకూడదు, ఎవరూ మమ్మల్ని ముట్టుకోకూడదు. చేతులు ఇలా పైకి పట్టుకుని నిలబడాలి. తలుపు కూడా భుజంతో తోసుకోవాలి. చేతి మీద చిన్న గాయం ఉన్నా పనికిరాం."

నరసమాంబగారు తెల్లబోయి చూసింది. "అది మడే కదే!"

"ఏమో అత్తయ్యా. లోపల బల్ల మీద పడుకున్న మనిషికి మావల్ల చెడు జరక్కూడదని."

పక్కన ఎవరో ఫ్రిజ్జు తలుపు తీసి వేసి, తీసి వేసి చూసుకుంటున్నారు.

"ఇదొకటి కూడా నాకు చెప్పలేదు నువ్వు," అంది నరసమాంబగారు.

రత్నకుమారి మొహంలో రంగు మారింది. "ఇది కూడా అంటే... ఇంకేం చెప్పలేదు నేను?"

"శివరాత్రి నించి నా భుజం పట్టేసింది. చీర జాడించగలను గాని పిండలేను. నీళ్లోడుతుండగానే తీగ మీద పడేసి దేవుడి దగ్గరికి పోతాను. పిండని తొమ్మిది గజాల చీర సాయంత్రందాకా కారాలి. నేను పూజ చేసుకుని వచ్చేసరికి ఒక్క చుక్క కారదు. అంచులు కూడా లాగి సమంగా పరిచి ఉంటాయి. అంత నీటుగా పక్క పరిచినట్టు ఆరేసేది మనింట్లో ఎవరే? మీ ఆయనా?"

రత్నకుమారి తల దించుకుంది. "పిండకపోతే ఆరదని... తప్పయిపోయింది అత్తయ్యా."

"తెలిసీ ఊరుకున్నావా అమ్మా?" అన్నాడు జగన్నాథం.

"అడిగితే అది మానేస్తుంది. మానేస్తే నా చీర ఆరదు," అంది ఆవిడ తడుముకోకుండా. "రెండు తొట్లుంటే ఒకదాంట్లో నా చీర నేనే వేసుకుని, నేనే తీసుకుంటాననుకున్నాను. ఇది తెల్లారకుండా లేచి దొంగలా పెరట్లోకి పోనక్కర్లేదనుకున్నాను. ఆ రెండో తొట్టి ఉతకదని నాకేం తెలుసు? దీని చేతులు ఇలా అయ్యాయని మాత్రం ఎవరు చెప్పేరు?"

రత్నకుమారికి నవ్వు వచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి. చెయ్యి మాత్రం అత్తగారి దగ్గరే ఉంది గనక తుడుచుకోవడానికి కుదరలేదు.

నరసమాంబగారు పెద్దమనిషి వైపు తిరిగింది. "ఇదే ఇవ్వవయ్యా. ఇవాళే కావాలి. దసరా దాని మానాన అది వస్తుంది."

"మరి మడో?" అన్నాడు కొడుకు.

"అది నేనూ నా కోడలూ చూసుకుంటాం. అందరివీ పిండేక ఆఖర్ని నా చీర వేస్తుంది. ఏవే?"

"వేస్తాను గాని అత్తయ్యా," అంది రత్నకుమారి మెల్లగా, "నా ఆసుపత్రి బట్టలు మాత్రం దేంతోనూ కలపను. వేడినీళ్లలో విడిగా ఉతికి, తొట్టి కడిగాకే మిగతావి. మీ చీరైనా సరే, పిల్లల బట్టలైనా సరే."

"చూశావురా, ఎంత పట్టింపో! నన్ను అన్నావు." ఆవిడ మొహం వెలిగింది. తనలాంటి మనిషి ఇంట్లో ఇంకొకరున్నారని తెలిసిన సంతోషం అది. "సరే, చేతులు వారంలో మానతాయా?"

"నీళ్లలో పెట్టకపోతే మానతాయి."

"అయితే పెట్టకు. మిషను వచ్చి కుదురుకునేదాకా వీడు పెడతాడు. తరవాత మిగతావి తొట్టిలో వెయ్యడం, తియ్యడం కూడా వీడే."

"నేనా? సాయంత్రం నాకు గూడ్సు ఉందమ్మా."

"నీ గూడ్సు ఏనాడు టైముకి బయల్దేరిందిరా?"

మాస్టారు పెద్దగా నవ్వారు. ఆ షాపులో ఆయన చేసిన చప్పుడు అదొక్కటే. మిషను ఆటోలోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఒక పక్క తాను పట్టి, రెండో పక్క విశ్వపతి చేత పట్టించారు. అతని తెల్లపంచె మీద అట్టపెట్టె దుమ్ము పడింది. అతను దులుపుకోలేదు. ఆలోచనలో ఉన్నాడు.

ఆటో వెళ్లాక ఇద్దరూ నడిచి వస్తున్నారు. ఎంత దూరం వచ్చినా మాస్టారు ఏమీ చెప్పకపోయేసరికి విశ్వపతి ఉండబట్టలేకపోయాడు.

"మాస్టారూ, ఆ అమ్మాయిది మంచి మనసే, కాదనను. కానీ లెక్క లెక్కే కదండీ. శివరాత్రి నించీ ఆ చీర ఇంకొకరి చేతిలో పడుతూనే ఉంది. అది ఆవిడకి తెలుసు కూడా. మరి ఇన్ని నెలలుగా ఆవిడ మడి చెడినట్టా, లేనట్టా?"

మాస్టారు ఆగి అతని మొహంలోకి చూశారు. కోపంగా కాదు, మంచిగానే చూశారు.

"ఇన్ని నెలలూ ఆ చీర కట్టుకునే ఆవిడ దీపం వెలిగించిందోయ్. ఏ ఒక్కరోజైనా ఆ దీపం వెలగనన్నదేమో, వెళ్లి కనుక్కో."