ఉలిమద్దెల గుట్ట

పూర్వం చిలకలేటి ఒడ్డున ఉన్న ఈ ఎర్రమన్ను గుట్టను ఏలిన బిరుదనాయకుడు, కరవు తీరితే నాట్యమాడే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, వానలు కురిసిన ఏడాదే ఆ మహత్కార్యాన్ని సింగోజు అనే శిల్పికి అప్పగించాడు. సింగోజు కొలతల్లో దిట్ట. ఆయన నూలుతాడు పట్టి చూసిన రాతిలో వెంట్రుకవాసి తేడా ఉండదని ప్రతీతి. ఆ తాడు మీద ఉన్న నమ్మకం ఆయనకు తన కంటి మీద కూడా లేదు.

అమ్మవారు కుడికాలిపై నిలిచి ఎడమకాలు ఎత్తి ఆడుతున్నట్టు ఉండాలి. అందుకోసం ఆయన గుడి నాట్యకత్తె సూరసానిని రప్పించి, కాలు ఎత్తించి, కదలవద్దని శాసించి, జాముల తరబడి ఆమె మడమను, చీలమండను, వేళ్లను కొలిచేవాడు. పాపం ఆమె పళ్లబిగువున ఓర్చుకునేది. ఇంత చేసినా మొదటి రాయి చీలమండ దగ్గర పగిలింది. రెండోదీ సరిగ్గా అక్కడే పగిలింది. మూడు రాళ్లు పగలగొట్టిన చేయి మళ్లీ ఉలి పట్టరాదన్నది ఆ వంశపు కట్టుబాటు.

మూడో రాతిలో మూర్తి అంతా తేలింది గాని, ఎత్తిన పాదం ఒక్కటి ఇంకా రాతిలోనే ఉండిపోయింది. మాఘపౌర్ణమి ప్రతిష్ఠ రేపనగా సింగోజు ఉలి పట్టుకుని కూర్చున్నాడే గాని దెబ్బ వేయలేకపోయాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఉలి తప్ప మరొకటి ఎరగని మనిషి, ఆ ఉదయం దాన్ని చూసి భయపడ్డాడు.

సూరసాని యథాప్రకారం వచ్చి, కాలు ఎత్తబోయి ఆగింది.

"ఓజయ్యా, తమరు పెద్దలు, అనకూడదు. నన్ను నిలబెట్టి కొలిస్తే తమకు దొరికేది నొప్పెట్టే కాలు. ఆడే కాలు కాదు. ఒక్కసారి ఆడతాను, చూడండి" అంది.

"కదిలేదాన్ని ఎట్లా కొలిచేది, సానీ?"

"కొలవకండి."

తీరా చూస్తే, ముందురోజు కురిసిన అకాలవర్షానికి ఆమె తమ్ముడు కేతన మద్దెల తోలు నానిపోయింది. "ఇది పలకదక్కా" అన్నాడతడు చిన్నబోయి. సూరసాని శిల్పి చేతివైపు చూసి, "అయ్యగారి ఉలి ఉందిగా. అదే పలుకుతుంది" అని తడిసిన ఎర్రమన్నులో ఆట మొదలుపెట్టింది.

సింగోజు దెబ్బ వేస్తే ఆమె అడుగు పడుతుంది. వేయకపోతే ఎత్తిన కాలు గాలిలోనే ఆగిపోతుంది. తన భయం కోసం ఆ కాలిని ఇంకా నిలిపి ఉంచడానికి ఆయనకు మనసొప్పలేదు. తాడు ఒడిలోనుంచి జారిపోయింది. కళ్లు ఆమె పాదాల మీద, చేయి రాతి మీద, దెబ్బకు అడుగు, అడుగుకు దెబ్బ. తాళం నడక క్రమంగా హెచ్చింది. గుట్ట మీది పనివారందరూ చేతిలోవి దించి, నిలబడి చూశారు.

ఆఖరి అడుగుతోబాటు ఆఖరి దెబ్బ పడింది. రాయి పగలలేదు. పొడి తుడిచి చూస్తే ఎత్తిన పాదం రాతినుంచి విడివడి ఉంది. దానిపై అందె అప్పుడే కదిలినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది, దాన్ని చెక్కినట్టు సింగోజుకు జ్ఞాపకమైనా లేదు. అరికాలికి తడి ఎర్రమన్ను అంటి ఉంది. సూరసాని ఆ రాతి దరిదాపులకు పోలేదన్నది అక్కడున్న వారందరూ ఎరుగుదురు.

సింగోజు ఉలి కింద పెట్టాడు. "తల్లీ, నిన్నా ఇన్నాళ్లూ కదలవద్దన్నాను" అంటూ సాష్టాంగపడ్డాడు. ఆ మాట అమ్మవారితో అన్నాడో, సూరసానితో అన్నాడో ఎవరూ అడగలేదు.

నాటినుంచి ఇది ఉలిమద్దెల గుట్ట అయింది. నేటికీ మాఘపౌర్ణమినాడు మద్దెలకు తడిబట్ట కప్పి పక్కన ఉంచుతారు. సింగోజు వంశీకుడు రాతిపై తొలిదెబ్బ వేయనిదే అమ్మవారి ఎదుట ఎవరూ కాలు కదపరు. అర్చకులు ప్రతి ఉదయం ఆ పాదాన్ని కడుగుతారు, మర్నాటికి మన్ను మళ్లీ ఉంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత అందరికీ తెలిసిందే గాని, ఈ తల్లి తొక్కిన అడుసును వదలగొట్టినవారు మాత్రం ఇంతవరకు లేరు.