చూడి గుర్రం బేరం

ఏనుగు మాటంటే ఎలుక దాకా తలవంచి వినే రోజుల్లో, ఎండిన ఏటి ఇసుకలో ఫాల్గుణమాసంలో జంతువుల సంత సాగేది. అక్కడ డబ్బు చెల్లేది కాదు. ఎంత పెద్ద బేరమైనా జొన్నచొప్ప మోపుల్లోనే.

ఆ ఏడు గుర్రాలకొండ నుంచి ఓబన్న అనే ముసలి ఎద్దు రెండు ఆడగుర్రాల్ని వెంటబెట్టుకుని సంతకి దిగాడు. పెద్దదాని పేరు కస్తూరి, చిన్నదాని పేరు మొగిలి. రెండూ మేలుజాతివి, రెండూ చూడివి. కొండ మీద గుర్రాల మందకి మేత చూసే పని పదిహేనేళ్లుగా ఓబన్నదే. ఎవర్నీ కసిరి ఎరగడు. ఆలోచన మాత్రం నెమ్మది. ఒక మాట విన్నాడంటే, మధ్యాహ్నం నెమరు వేసేటప్పుడు గానీ అది ఆయన మనసుకి పట్టేది కాదు.

రెండేళ్లుగా వానల్లేవు. కొండ మీద ఏడు పిల్లగుర్రాలు బోసి రాళ్లు నాకుతున్నాయి. తొలకరి దాకా అవి బతకాలంటే ముప్ఫై మోపులైనా కావాలి. తల్లుల్లో ఇద్దర్ని అమ్ముదామన్న మాట ఓబన్న నోటికి రాలేదు. కస్తూరే అంది, ఆకలితో నా మొహంలోకి చూసే పిల్లల ముందు నేను నిలబడలేను అన్నా, నన్ను తోలుకుపో అని.

తీరా వచ్చి చూస్తే గుర్రాలకి గిరాకీయే లేదు. ఒకప్పుడు తూర్పు అడవి సింహానికీ పడమటి అడవి సింహానికీ పడేది కాదు. ఇద్దరికీ దండ్లుండేవి, దండ్లకి గుర్రాలు కావాల్సి వచ్చేవి. పోయినేడు ఆ సింహాలు రెండూ వియ్యమందుకున్నాయి. యుద్ధం లేనప్పుడు గుర్రం ఎవరికి కావాలి? సంతంతా గాడిదల వెంట పడింది. మూడు మూటలు మోసే ఒక గాడిద కస్తూరిని కింద నుంచి మీదకి చూసి, ఇంత పొడుగు కాళ్లతో ఏం చేస్తావమ్మీ అని అడిగింది. పరిగెత్తుతానంటే, ఎక్కడికి అంది.

ఓబన్న మాత్రం తన పద్ధతిలో తాను చెప్పుకుపోయాడు. కస్తూరి తల్లి ఎవరు, ఆ తల్లికి తల్లి ఎవరు, అలా ఏడు తరాల పేర్లూ వరసగా చదివాడు. ఇద్దరూ చూడివని, కస్తూరికి నెలలు నిండాయని చెప్పాడు. ఏటిగడ్డ పచ్చికకి యజమాని నల్లక్క అనే బర్రె కాసేపు ఆగి విని, రేపొస్తానంది.

రేపు రాలేదు. కారణం పుల్లప్ప.

పుల్లప్ప దళారి నక్క. ఇక్కడ తల్లిని కొని, కనుమ దాటాక తల్లినొక చోటా పిల్లనొక చోటా అమ్మడం అతనికి అలవాటు. రాత్రికి రాత్రి సంతంతా తిరిగి, ఆ కొండ గుర్రాలు గొడ్డువని, ఎండుగడ్డీ మట్టీ తిని కడుపులు ఉబ్బాయని, లోపలున్నది గాలి తప్ప ఇంకేమీ కాదని ఒక్కొక్కరి చెవిలో వేశాడు. పైగా, మీ మేలు కోరి చెబుతున్నా, నా పేరు బయటికి రానీకండి అన్నాడట. తెల్లారేసరికి ఓబన్న వైపు వచ్చేవాళ్లు దారి మార్చుకుని పోవడం మొదలుపెట్టారు.

పొద్దెక్కాక పుల్లప్ప తనే వచ్చాడు. కస్తూరి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పళ్లు చూశాడు, సుడులు చూశాడు. మూడోసారి తిరుగుతూ, కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు వంగి పొదుగు వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఓబన్న కంట పడింది. కస్తూరి చనుమొనల మీద పొద్దున్నుంచీ తేనెబొట్టు లాంటి జిగురు నిలబడి ఉంది. గుర్రానికి ఆ బొట్టు కనిపిస్తే కాన్పు ఇవాళో రేపో అని కొండ మీద అందరికీ తెలుసు. నక్కకీ తెలుసన్నమాట.

"ఎనిమిది మోపులు" అన్నాడు పుల్లప్ప. "అదీ నీ మొహం చూసి మామా. గొడ్డు గుర్రాన్ని ఎవరు మేపుతారు చెప్పు?"

చూడిది కాకపోయినా పది పలుకుతుందని ఓబన్న అన్నాడు. పలికితే పలికించుకో, నేనేమైనా అడ్డం పడ్డానా అని నక్క చుట్టూ ఉన్న ఖాళీ ఇసుకని చూపించాడు. ఓబన్న కస్తూరి వైపు చూశాడు. ఆమె కొండ వైపు చూస్తోంది. ఎనిమిది మోపులంటే ఆ ఏడుగురికీ ఒక నెల. ఓబన్న తల ఊపాడు. ఊపిన తల మళ్లీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

ఆ సంతకి ఒక కట్టడి ఉంది. బేరం కుదిరాక కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఏనుగు నాంచారమ్మ ముందు నిలబడాలి. కొన్నదేమిటో కొన్నవాళ్లు అందరూ వినేలా చెప్పాలి. నోటితో చెప్పనిది చేతులు మారదు. చూడిదాన్ని చూడిదని చెప్పి కొంటే మాత్రం ధర రెండింతలు కట్టాలి.

జనం పోగయ్యారు. పుల్లప్ప గొంతు సవరించుకుని, పెళ్లిలో కట్నాలు చదివినట్టు చదివాడు. జూలు, తోక, నాలుగు గిట్టలు, రెండు చెవులు, ముప్ఫై ఆరు పళ్లు, ఒంటి చెమట, గొంతులో సకిలింత, నేల మీద నీడ, అన్నీ తనవేనన్నాడు.

ఓబన్న నెమరు ఆగింది. పొద్దున నక్క వంగి చూసిన చూపు ఆయనకి అప్పుడు పూర్తిగా మనసుకి పట్టింది.

"మరి కడుపులోది?" అని అడిగాడు.

పుల్లప్ప చెవులు రెండూ నిక్కాయి. చుట్టూ చూశాడు. నల్లక్క ఉంది. మేకలున్నాయి. రాత్రి తను చెవిలో చెప్పినవాళ్లంతా చెవులు ఇటే వేసి ఉన్నారు. పిల్ల ఉందంటే ధర రెండింతలు, పైగా రాత్రి చెప్పిందంతా అబద్ధమని తేలుతుంది.

"కడుపులో ఏముంటుంది మామా, గాలి. అందరికీ తెలిసిందేగా."

"అయితే అది నువ్వు కొనలేదు."

"గాలిని కొనడానికి నాకేమైనా పిచ్చా? నీదే, నువ్వే ఉంచుకో."

కొందరు నవ్వారు. నాంచారమ్మ నవ్వలేదు. కడుపులో ఏదున్నా అది ఓబన్నదని, సంతంతా విందని చెప్పి తొండంతో ఇసుకలో ఒక గీత గీసింది. మాట ముగిసిందని ఆ గీతకి అర్థం.

పుల్లప్పకి మాత్రం దిగులేమీ లేదు. గట్టు దాటితే సాక్ష్యం చెప్పేవాళ్లెవరు? పుట్టిన పిల్లని ఇంకో గుర్రం పిల్ల అంటే ఎవరు కాదంటారు? మోపులు గబగబా దింపించి కస్తూరి తాడు అందుకున్నాడు. ఎండ ముదురుతుంది పద, పద అంటూ లాగాడు.

కస్తూరి పది అడుగులు వేసింది. పదకొండోది పడలేదు. ముందుకాళ్లు మడిచి ఇసుకలో కూర్చుంది, తర్వాత పక్కకి ఒరిగింది. ఆమె పక్కటెముకల కింద నుంచి ఒక అల లేచి తోక దాకా పోవడం ఓబన్న చూశాడు.

నక్క కూడా చూశాడు. గుర్రం గుట్టు అతనికి బాగా తెలుసు. ఆవైతే వీధి మధ్యలో ఈనుతుంది. గుర్రం అలా కాదు, కళ్లు తన మీదుంటే, చప్పుడు చెవిలో పడితే, వచ్చిన నొప్పిని కూడా లోపలికి లాక్కుంటుంది. అందుకని పుల్లప్ప రెండు కాళ్ల మీద నిలబడి సంతనంతా కేకేశాడు. గుర్రం పడిపోయింది, పాపం, వచ్చి చూడండి, తలా ఒక చెయ్యి వేయండి అని.

చూడ్డానికి ఎవరు రారు? కుక్కలొచ్చాయి, మేకలొచ్చాయి, గాడిదలు మూటలతో సహా వచ్చాయి, కాకులు పైన గోల పెట్టాయి. అందరూ తలా ఒక సలహా చెప్పారు. వాళ్ల మధ్య నుంచి కస్తూరి వణుకుతూ లేచి నిలబడింది. కడుపు మీద అల ఆగిపోయింది.

చూశారా, ఏమీ లేదు, నడుస్తుంది అంటూ నక్క మళ్లీ తాడు పట్టాడు. గట్టు నూరు అడుగుల దూరంలో ఉంది.

ఓబన్న ఎన్నడూ పరిగెత్తి ఎరగడు. ఆ వేళ పరిగెత్తి నాంచారమ్మ ముందు ఆగాడు.

"అవ్వా, ఇది పదిమంది కళ్ల ముందు ఈనదు. అందర్నీ అటు తిరగమను. చప్పుడు చేయొద్దను. నేనడిగేది అంతే."

నాంచారమ్మ ఏ ఆజ్ఞా వేయలేదు. అంత పెద్ద ఒళ్లుతో మెల్లగా వెనక్కి తిరిగి, కస్తూరికి వీపు పెట్టి నిలబడింది. ఆమెని చూసి నల్లక్క తిరిగింది. మేకలు తిరిగాయి, ఒంటెలు తిరిగాయి, గాడిదలు మూటలు దించి మరీ తిరిగాయి. కాకులు కొమ్మలు మారి ముక్కులు అవతలికి పెట్టుకున్నాయి. ఒక ఊరంత సంత. అందులో ఇటు చూసే కన్ను ఒక్కటి లేదు. పుల్లప్ప నోరు తెరవబోయాడు. నాంచారమ్మ తొండం కొస వచ్చి అతని నెత్తి మీద వాలింది. బరువేమీ వేయలేదు, ఊరికే ఉంచింది. నోరు మూసుకుపోయింది. అతని మొహం కూడా అటే తిరిగింది.

ఓబన్న కూడా తిరిగే నిలబడ్డాడు. ఆయన చూసిందేమీ లేదు, విన్నదే. ఏటి ఇసుక మీద గాలి పాకడం వినిపించింది. అన్ని వందల ప్రాణాలు ఒక్కసారి ఊపిరి బిగబడితే ఆ నిశ్శబ్దానికి కూడా ఒక చప్పుడుంటుందని, అది గుండె చప్పుడేనని ఆయనకి ఆ రోజే తెలిసింది. వెనకాల కస్తూరి ఒళ్లు ఇసుకలో ఒరిగిన చప్పుడు. ఒక దీర్ఘమైన నిట్టూర్పు. ఇంకొకటి. తర్వాత తడిసిన దుప్పటి జారినట్టు ఏదో జారింది. ఆ తర్వాత, అంతకు ముందు ఈ లోకంలో లేని ఒక ముక్కు, చిన్నగా తుమ్మింది.

ఎవరూ కదల్లేదు. నాంచారమ్మ గొంతు తడిగా వినిపించింది, ఇక తిరగండి అని.

తిరిగారు. తల్లి పక్కన తేనె రంగు పిల్ల పడి ఉంది. ఒళ్లు చేరెడు, కాళ్లు మాత్రం బారెడు. ఓబన్న వంగి దాని గిట్టలు చూశాడు. ఒక్కొక్క గిట్ట చివరా తెల్లటి మెత్తటి కుచ్చులున్నాయి, పూలరేకులు తొడిగినట్టు. పదకొండు నెలలు లోపల తన్నుకున్నా తల్లి కడుపుకి గీత పడకుండా ఆ తొడుగులు ఎవరు తొడిగారో, ఏ చీకట్లో కూర్చుని కుట్టారో. పదిహేనేళ్లుగా చూస్తున్నా ఓబన్నకి అది అంతు పట్టలేదు. అలాంటివి ఇంతవరకూ చూడని మేకలు మెడలు సాచి చూశాయి.

పిల్ల లేచింది, పడింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోయాయి. మళ్లీ లేచింది. అది పడ్డప్పుడల్లా సంత మొత్తం అయ్యో అని ముందుకి వంగింది. నాలుగోసారి నిలబడింది. పుట్టి ఇంకా గంట కాలేదు. ఎవరూ చూపించకుండానే తల్లి పొదుగు దగ్గరికి దారి కనుక్కుంది. నిన్న పొడుగు కాళ్లని ఎగతాళి చేసిన గాడిద కళ్లు తుడుచుకుని, తల్లీ, ఈ కాళ్లకి ఈ ఏరు చాలదు అంది.

అప్పుడు నక్కకి నోరొచ్చింది. పిల్ల ఓబన్నదైతే కానివ్వండి, తల్లి నాది, తోలుకుపోతున్నా అన్నాడు.

నాంచారమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తెలియని పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. పాలు తాగే బిడ్డ ఎక్కడుంటే తల్లి అక్కడే ఉండాలి. బిడ్డ ఓబన్నది కాబట్టి తల్లి కొండకి పోతుంది. పాలు మరిచేదాకా, అంటే ఆరు నెలలు. అన్నాళ్లూ తల్లికి మేత పెట్టాల్సింది తల్లి యజమాని.

"అంటే నేనా?" అన్నాడు పుల్లప్ప.

"గుర్రం నీదేగా నాయనా. నెలకి మూడు మోపులు కొండకి పంపు."

పుల్లప్ప గోళ్ల మీద ఆరు నెలలకీ లెక్క వేసుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, ఓబన్న మామా, నా ఎనిమిది మోపులు ఇచ్చేస్తే నీ గుర్రం నీకు ఇచ్చేస్తా అన్నాడు. ఓబన్న ఆలోచించాడు. ఎప్పట్లాగే ఎంతో సేపు ఆలోచించాడు. చివరికి, దింపిన మోపులు తిరిగి ఎత్తడం ఈ సంతలో లేదు పుల్లప్పా, నేనేం కొత్త కట్టడి పెట్టను అన్నాడు. నాంచారమ్మ ఔనన్నట్టు చెవులు ఆడించింది. నెలనెలా మేత మోయడం కన్నా పోయిందే పోయిందనుకోవడం నయమని నక్కకి తోచింది. అందరూ వింటుండగా, ఈ గుర్రం నాకొద్దు అని చెప్పి తాడు ఇసుకలో పడేశాడు.

నల్లక్క సిగ్గుపడుతూ వచ్చి మొగిలి ముందు నిలబడింది. నిన్న చెవిలో పడిన మాట నమ్మి తప్పు చేశానంది. కాలం బాగాలేదు ఓబన్నా, పూర్వపు ధర ఇవ్వలేను, ఇరవై అయిదు మోపులిస్తాను, నా పచ్చికలో కడుపునిండా మేపుకుంటాను అంది. నాంచారమ్మ ముందు నిలబడి కొన్నవన్నీ చెబుతూ, అన్నిటికన్నా ముందు కడుపులో బిడ్డని చెప్పింది. మొగిలి వెళ్లేటప్పుడు ఓబన్న ఆమె నుదురు నాకాడు.

ఎండ తగ్గాక మోపులు గాడిదల మీద వేయించుకుని ఓబన్న కొండ దారి పట్టాడు. వెనక కస్తూరి, కస్తూరి నీడలో పిల్ల. పుల్లప్ప ఒట్టి చేతులతో ఎదురు గట్టెక్కుతూ ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. తేనె రంగు పిల్ల తల్లిని దాటి పరుగు తీస్తోంది. అది ఎటు పోతుందో అతనికి తెలియదు గానీ, అది కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేకపోయాడు.

నీతి: లేదని చెప్పి ధర తగ్గించినవాడికి, ఉన్నదాని మీద హక్కు ఉండదు.