ఆరో సంచి

కూర్మయ్య గారిని ఎవరేం అడిగినా, ఆయన ముందు చేతిలో పని పూర్తి చేసేవారు. జవాబు ఆ తరువాతే. ఆ కాస్త వ్యవధిలో అడిగిన మనిషి తన ప్రశ్నను తానే మరోసారి వింటాడని ఆయన నమ్మకం.

పర్వతీశం ఆయన ఆశ్రమానికి వచ్చి ఏడాది కావస్తోంది. అతని చెల్లెలు జ్వరంతో పోయింది. ఆమె భర్త అంతకుముందే లేడు. చెల్లెలి ఇద్దరు ఆడపిల్లలనూ తన భార్య దగ్గర వదిలి, అతను ఇక్కడికి వచ్చేశాడు. ఒక సాయంత్రం, గురువుగారు చిక్కుడుపాదుకు పందిరి వేస్తుండగా అడిగాడు.

"ఆ రోజు ఉదయమే ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే బతికేదా, అయ్యగారూ? మామూలు జ్వరమే అనుకున్నాను. సాయంత్రం దాకా చూశాను. ఎక్కడ తప్పాను నేను?"

గురువుగారు ఆఖరి ముడి వేసి, చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. "కొండ దిగువ ఊళ్లో పైడితల్లి అని ఒకావిడ ఉంది," అంటూ మొదలుపెట్టారు.

పైడితల్లికి అయిదు నెలల కొడుకు ఉండేవాడు. ఒకరోజు పాలిచ్చి పడుకోబెట్టి, ఎండెక్కాక లేపబోతే లేవలేదు. డాక్టరు కూడా కారణం చెప్పలేకపోయాడు. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అననందుకే కాబోలు, ఆ మాటలన్నీ ఆమే అనుకుంది. ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాను? దుప్పటి ఎందాకా కప్పాను? పొయ్యి దగ్గరకు రావడం మానేసింది. పక్కింటి పసివాడు పాకుతూ వస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది.

అత్త అప్పలనరసమ్మ కొన్నాళ్లు చూసింది. ఇంట్లోనే పుట్టగొడుగులు పెంచడం నేర్పుతున్నారని విని, మూడు రోజులు పోయి నేర్చుకుని, విత్తనం పొట్లాలతో తిరిగొచ్చింది.

"నా మోకాళ్లు వంగవే. నువ్వే సెయ్యాల," అంది.

"నా సెయ్యి పడితే ఏదీ బతకదత్తా."

అత్త కత్తిపీట, ఎండుగడ్డి తెచ్చి కోడలి ముందు పెట్టి, తనూ అక్కడే కూర్చుంది. పొద్దు వాలే వేళకు పైడితల్లి గడ్డిని ముక్కలుగా కోసింది. నానబెట్టిన గడ్డిని మర్నాడు పెద్ద గుండిగలో ఉడికించి, పిండితే చుక్క రాలకుండా, ముట్టుకుంటే తడి తగిలేలా నీడన ఆరబెట్టారు. సబ్బుతో చేతులు కడుక్కుని, ప్లాస్టిక్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం నింపి, మూతులు కట్టి, సన్నని బెజ్జాలు పెట్టారు. ఆరు సంచులయ్యాయి. చీకటిగా ఉండే వెనకగదిలో దూలానికి వేలాడదీశారు. ఇరవై రోజులు విప్పి చూడకూడదు. పైడితల్లి రోజూ గుమ్మం దాకా వచ్చి నిలబడేది. లోపలికి అడుగుపెట్టేది కాదు.

ఇరవయ్యో రోజున అత్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కిటికీ తెరిచింది. అయిదు సంచుల్లో విత్తనం తెల్లటి నూలుపోగుల్లా గడ్డి అంతటా అల్లుకుంది. ఆరోదానికి పచ్చ బూజు పట్టింది.

పైడితల్లి కూలబడిపోయింది. "సెప్పినాను కదత్తా. నా సెయ్యే మంచిది కాదు." చెయ్యి తడిగా ఉందేమో, గడ్డి వేడి తగ్గకముందే విత్తనం వేశానేమో, మూతి వదులుగా కట్టానేమో అని ఒకటొకటే చెప్పుకుపోయింది. అప్పలనరసమ్మ పక్కనే కూర్చుని అంతా విన్నది.

"ఆరిటికీ నీ సెయ్యే కదే," అంది చివరికి.

"మరి ఇదొక్కటే ఎందుకత్తా?"

"నాకు తెల్దు." పోయిన పసివాడు అత్తకు మనవడు.

బూజు పట్టినదాన్ని అక్కడే ఉంచితే మిగతావాటికీ అంటుకుంటుంది. అత్త లేవబోతే పైడితల్లి ఆపింది. "ఉండత్తా. నాను తీసుకెల్తాను." సంచీని దింపి, రెండు చేతులా గుండెకు ఆనించుకుని, దొడ్డి దాటి పొలంగట్టు దాకా నడిచింది. గొయ్యి తవ్వి పూడ్చింది. బిడ్డను పూడ్చిననాడు ఆడవాళ్లను రానివ్వలేదు. ఇప్పుడా మట్టి మీద అరచేతులు ఆన్చి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అత్త కాస్త దూరంలో నిలబడింది. ఊరుకోమని అనలేదు.

ఏడుపు సన్నగిల్లాక, "లెగమ్మా. ఆ అయిదిటికీ తడి కావాల. ఎండిపోతాయి," అంది.

పైడితల్లి ఇంటికొచ్చి రెండుసార్లు చేతులు కడుక్కుని, ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లింది. సంచులు చీల్చి నీళ్లు చల్లింది. నాలుగు రోజులకు గుండుసూది తలలంత మొలకలు కనబడ్డాయి. వారానికి ముత్యపుచిప్పల్లా విచ్చుకున్నాయి. మొదటి కోత అత్తే వండింది. పైడితల్లి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, కంచం ముందే ఏడ్చింది. ఆ తరువాత లేచి, నీళ్ల చెంబు తీసుకుని గదిలోకి పోయింది.

గురువుగారు అక్కడ ఆగారు. పర్వతీశం అడిగాడు.

"ఆ ఒక్క సంచీ ఎందుకు పాడైందో తరువాతైనా తెలిసిందా, అయ్యగారూ?"

"లేదు నాయనా. ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది," అన్నారు కూర్మయ్య గారు. "అడుగుతూనే, మిగతావాటికి నీళ్లు చల్లుతుంది."