ఆపిల్ జాడీలో రాజుగారి ముక్కు

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెప్పేస్తానేమో. ఈ మధ్య నా జ్ఞాపకం అలా ఉంది. అందుకే గుర్తున్నంతవరకు మనవరాలి కోసం రాసి పెడుతున్నాను.

ఒకానొక చలికొండల రాజ్యంలో ఎటు చూసినా ఆపిల్ తోటలే. రాజు పేరు ప్రచండకేతుడు. ఆయనకి తన మీసం మీద ఎంత గర్వమో, ముక్కు మీద దానికి రెండింతలు. "వాసన చూసి పండు ఏ కొమ్మదో చెప్పేస్తాను" అనేవాడు. చెప్పేవాడు కూడా. కాదనే ధైర్యం ఎవరికుంది?

కోటలో ఆపిల్ మధువు పెట్టేది గున్నమ్మ అనే ముసలావిడ. తియ్యటి ఎర్రపళ్ళలో పుల్లటి పచ్చవి కొన్ని కలిపేది. ఉడకబెట్టకుండా పచ్చివే దంచి, కాస్త పటికబెల్లం వేసి, చల్లటి గదిలో మూడు నెలలు పులియనిచ్చేది. ఒక గుక్క తాగితే పండు కొరికినట్టే ఉండేది.

ఆ ఏడు పొరుగురాజు విందుకొస్తున్నాడు. గున్నమ్మ పెద్ద జాడీ నిండా పెట్టింది. అందులో పట్టని గుజ్జు తన గుడిసెలో చిన్న కుండకెత్తుకుంది.

విందుకు ముందురోజు నిండు సభలో రాజు జాడీలోది రుచి చూసి మొహం చిట్లించాడు.

"ఛీ! గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది. పండు వాసనేదీ?"

"అన్నీ ఎప్పట్లాగే వేశాను బాబయ్యా" అంది గున్నమ్మ చేతులు జోడించి.

"అయితే వాసన నువ్వే దొంగిలించావు. తలారీ! దీని ముక్కు కోసెయ్!"

తలారి కత్తి తీశాడు. అప్పుడు సోమిభట్టు లేచాడు. ఆయన సభలో చమత్కారాలు చెప్పి బతికే మనిషి.

"ఆహా, ఏం తీర్పు ప్రభూ! వాసన దొంగకి ముక్కే కోయాలి. కానీ దొంగ ఇంకెవరైనా అయితే?"

"ఎవరైతేనేం? నా బావమరిదైనా సరే, కోయిస్తా!"

పక్కనే కూర్చున్న బావమరిది చటుక్కున ముక్కు మూసుకున్నాడు.

"ఆ మాట రాయించి ముద్ర వేయండి ప్రభూ. తరవాత ఎవరూ ఏడవకుండా."

రాజు దర్జాగా ముద్ర వేశాడు. సోమిభట్టు గున్నమ్మని మిగిలిన గుజ్జేమైందో అడిగి, ఆవిడ గుడిసెలోని కుండ తెప్పించి మూత తీశాడు. సభంతా ఆపిల్ తోటలా ఘుమఘుమలాడింది. రాజుకి నోరూరింది.

"అవే పళ్ళు, అదే చెయ్యి, అదే రోజు పెట్టింది" అన్నాడు సోమిభట్టు. "దీన్ని ఇవాళ్టిదాకా ఎవరూ ముట్టలేదు. ఏమయ్యా కాపలా, మరి కోటలో జాడీ మూత ఎవరు తీశారు?"

కాపలావాడు తల వంచుకుని చెప్పాడు. "ప్రభువులేనండీ. రోజుకి మూడుసార్లు. మూత తీసి, లోపల ముక్కు పెట్టి, గట్టిగా పీల్చి, 'ఆహా' అంటారు. చుట్టాలొస్తే వాళ్ళ చేతా అనిపిస్తారు."

"పులిసేటప్పుడు మూత తీస్తే లోపలి వాసనంతా గాలిలో కలిసిపోతుంది బాబయ్యా" అంది గున్నమ్మ. "చెప్పబోయాను. 'నాకే నేర్పుతావా ముసలీ' అన్నారు."

సోమిభట్టు తలారి వైపు తిరిగాడు. "విన్నావుగా. ముద్ర పడిన ఆజ్ఞ నీ చేతిలోనే ఉంది."

తలారి ఆజ్ఞ చూశాడు, రాజు ముక్కు చూశాడు, కత్తి వీపు వెనక దాచుకున్నాడు.

రాజు చెయ్యి మెల్లగా ముక్కు మీదికి పోయింది. తలారి దిక్కులు చూస్తుంటే ముందు రాజు మీసం అదిరింది, తరవాత పొట్ట. చివరికి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

గున్నమ్మకి ఒక ఆపిల్ తోట రాసిచ్చాడు. విందులో పొరుగురాజుకి ఆవిడ కుండలోదే పోశారు.

"సోమిభట్టూ, నీకేం కావాలో కోరుకో."

"తమ ముక్కు ఇప్పించండి ప్రభూ."

రాజు ఉలిక్కిపడ్డాడు.

"ఇప్పటినించీ అది నాదే. అయినా మా ఇంట్లో అంత చోటు లేదు, తమ మొహం మీదే ఉంచుకోండి. నన్నడగకుండా మాత్రం ఎవరి కుండలోనూ పెట్టకండి."

అమ్మా వసుంధరా, పేర్లు ఒకసారి చూసి పెట్టు. రాజు ప్రచండకేతుడో, ప్రచండసేనుడో మీ నాన్నకి తెలిసుండాలి. గున్నమ్మ పేరు మాత్రం తప్పు పోనివ్వకు.