సముద్రం చూడబోయిన పొన్న

ఒకప్పుడు చెట్లు నడిచేవి. మనం వేళ్ళు అంటున్నామే, అవే వాటి కాళ్ళు. ఏడాదంతా కొండమీద నిలబడి, కాయలు కాసి, పిట్టల కాపురాలు మోసి అలిసిపోయేవి కదా! అందుకని ఎండాకాలం చివర్లో కొండతాత వాటికి పదిరోజులు సెలవులిచ్చేవాడు.

"ఎక్కడికైనా పోండి. మొదటి ఉరుము ఉరిమేలోపల మాత్రం ఇంట్లో ఉండాలి. ఉరిమిందా, ఎవరి కాళ్ళు ఎక్కడుంటే అక్కడే పాతుకుపోతాయి. ఆనక మీరు ఎంత మొత్తుకున్నా నేనేం చెయ్యలేను," అనేవాడు.

ఆ కొండమీద పొన్న అని ఒక చిన్న చెట్టు ఉండేది. దానికి ఆ ఏడే మొదటిసారి సెలవు దొరికింది. తోడుగా టేకు వదిన బయల్దేరింది. టేకు వదినవి విస్తరాకులంత ఆకులు, నిటారు నడుము. నోరు కూడా కాస్త పెద్దదే.

"ఎక్కడికి వదినా?"

"సముద్రానికి."

"అంటే ఏంటి?"

"నీళ్ళు."

"మన వాగులో లేవా నీళ్ళు?"

"చూద్దువుగానీ, నోరు మూసుకుని నడు!"

అడవిదారి పట్టారు. వాగు దాటుతుంటే రెండు కోతులు గెంతి పొన్న కొమ్మల మీద కూచున్నాయి. "ఒరేయ్, కదిలే చెట్టురా! దిగకు, దిగకు!" అని ఒకటే ఊగడం. పొన్నకు కోతులతో పాటు తనూ ఊగాలనిపించింది. దారి పొడుగునా అటూ ఇటూ తూలుతూనే నడిచింది.

వాటిని దించేసరికి మొగలిపొదలు అడ్డమొచ్చాయి. వాటి ముళ్ళు టేకు వదిన ఆకుల్ని పట్టుకుని పర్రుమని చింపాయి.

"మీ దుంపతెగ! కొత్త ఆకులే!" అని వదిన అరిచింది. పొన్న పకపకా నవ్వి సగం పూలు రాల్చుకుంది.

పొదలు దాటగానే కాళ్ళ కింద నేల సర్రున జారింది. ఇసుక! తలెత్తి చూస్తే ఎదురుగా సముద్రం.

పొన్న వేసిన కేకకు ఒడ్డున ఉన్న కొంగలన్నీ లేచిపోయాయి.

"వదినా! ఇది... ఇది... దీనికి అవతలి గట్టే లేదు!"

పరుగెత్తుకెళ్ళి నీళ్ళలోకి దిగింది. చెట్లు నీళ్ళు తాగేది కాళ్ళతోనే కదా! దిగీ దిగగానే ఎగిరి గంతేసింది.

"థూ! థూ! ఇంత ఉప్పు ఎవరు కలిపారు వదినా?"

అంతలో కెరటం వచ్చి దాని అరికాళ్ళ కింద ఇసుకను లాక్కుపోయింది. అబ్బ, చక్కిలిగింతలు! పొన్న పరికిణీ ఎత్తిపట్టినట్టు వేళ్ళన్నీ మోకాళ్ళదాకా ఎత్తి, కెరటం వస్తే వెనక్కి, కెరటం పోతే ముందుకి, కిలకిలా నవ్వుతూ పొద్దుగూకేదాకా అదే ఆట.

మర్నాడు ఎర్రపీతలతో పరుగుపందెం. ఆ మర్నాడు గవ్వలు ఏరి కొమ్మకొమ్మకూ తగిలించుకుంది. టేకు వదినేమో ఇసుకదిబ్బ మీద నిలబడి, "ఎండ! ఉప్పుగాలి! నా రంగంతా పోయింది!" అని సణిగేది. ఎవరూ చూడనప్పుడు తనూ ఒక కాలు నీళ్ళలో ముంచి వచ్చేది.

ఎనిమిదో రోజున ఒడ్డు వెంబడే నడుచుకుంటూ, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటికి చేరారు. అక్కడంతా మెత్తటి బురద. పొన్న అందులోకి దిగి నిలబడింది. ఎక్కడినుంచి వచ్చాయో, గుప్పెడు రొయ్యపిల్లలు దాని వేళ్ళ మధ్యకు దూరాయి. గాజుముక్కల్లా ఉన్నాయి. అన్నీ ఒక్కసారే అరిచాయి.

"అక్కా, కదలకు! పండుగప్ప వస్తోంది!"

వచ్చింది. ఇంత నోరేసుకున్న పెద్ద చేప. వేళ్ళ సందుల్లోకి మూతి దూర్చింది, పట్టలేదు. ఆ పక్కనుంచి దూర్చింది, ఉహూ. కోపంతో తోక కొట్టి వెళ్ళిపోయింది.

రొయ్యపిల్లలు గిర్రున తిరుగుతూ గంతులేశాయి. వాటితో పొన్నకూ పూనకమే. ఆ రోజంతా పండుగప్ప రావడం, మూతి గుద్దుకుని పోవడం, వీళ్ళు విరగబడి నవ్వడం!

తొమ్మిదో రోజు తెల్లారేసరికి ఆకాశం నల్లబడింది.

"పొన్నా, మబ్బు పట్టింది. పద పద! ఇప్పుడు బయల్దేరితేనే సాయంత్రానికి ఇంటికి చేరతాం," అంది వదిన.

పొన్నకు కొండ గుర్తొచ్చింది, వాగు గుర్తొచ్చింది. రొయ్యపిల్లలకు చెప్పి వదిన వెంట నడిచింది. మధ్యాహ్నానికి మొగలిపొదల దాకా వెళ్ళాక, సముద్రపు గాలిలో వెనకనుంచి సన్నగా కేకలు.

"అక్కా! అక్కా! పండుగప్ప మళ్ళీ వచ్చింది!"

పొన్న ఆగింది.

"ఆగకు," అంది టేకు వదిన. "అక్కడ ఉరిమిందా, నువ్వు అక్కడే. ఆ ఉప్పునీళ్ళలో బతగ్గలవా?"

"తెలీదు వదినా."

"మరి?"

"నేను పోతే వాళ్ళు మాత్రం బతకరు. అది తెలుసు. నువ్వు నడుస్తూండు."

టేకు వదిన ఏదో తిట్టబోయి ఆగింది. చినిగిన ఆకుతో పొన్న మొహం ఒకసారి తుడిచి, వెనక్కి చూడకుండా కొండదారి పట్టింది.

పొన్న ఒకటే పరుగు. బురదలోకి వచ్చేసరికి సాయంత్రమైంది. రొయ్యపిల్లలు భయంతో చెల్లాచెదురుగా పరుగెడుతున్నాయి. ఎక్కడ కాలు వేస్తే ఎవరు నలుగుతారో! పొన్న మోకాళ్ళు ఎత్తెత్తి, మునివేళ్ళ మీద అడుగులు వేస్తూ వాటిని చుట్టుముట్టింది. "రండి, లోపలికి రండి!" అంది. ఆఖరి పిల్ల లోపలికి దూరింది. పండుగప్ప నోరు తెరిచి దూకింది.

ఫెళఫెళా ఉరిమింది!

పొన్న వేళ్ళు ఎక్కడివక్కడ పాతుకుపోయాయి. మునివేళ్ళు మాత్రమే బురదలో, మోకాళ్ళన్నీ పైకి. పండుగప్ప వచ్చిన ఊపుకి ఆ మోకాలికే ఠంగున గుద్దుకుంది!

గాలివాన కొట్టింది. కెరటాలు తాటిచెట్టంత లేచాయి. పొన్న ఏడ్చింది కూడా. అయినా ఒక్క వేలూ వదల్లేదు. వాన వెలిశాక తాగక తప్పక కాస్త ఉప్పునీరు తాగింది. చావలేదు. ఇంకాస్త తాగింది. "ఫరవాలేదే!" అనుకుంది.

ఉరిమేలోపలే కొండ చేరిన టేకు వదిన జరిగిందంతా చెప్పింది. సముద్రం అంటే ఏంటో చేతులు తిప్పుతూ మరీ చెప్పింది. విన్న చెట్లన్నీ "మేమూ పోతాం!" అని లేచాయి. కొండతాత హడలిపోయాడు. "అందరూ పోతే నేను బోడిగుండుతో మిగలాలా? సెలవులు రద్దు!" అన్నాడు. ఇక చెట్లు నడవడం మానేశాయి.

టేకు వదిన ఒక కొంగతో కబురంపింది. "పిచ్చిదానా, ఎలా ఉన్నావు?"

పొన్న జవాబు చెప్పబోతే రొయ్యపిల్లలు కాళ్ళ కింద గిలిగింతలు పెట్టాయి. నవ్వు ఆగలేదు. కొంగ ఆ నవ్వునే మోసుకుపోయి కొండమీద వినిపించింది. "పేరు కూడా మారింది. మేమంతా ఉప్పుపొన్న అంటున్నాం," అని చెప్పింది.

అప్పటినుంచే ఏరు సముద్రంలో కలిసే చోట ఉప్పుపొన్న చెట్లు వేళ్ళను మోకాళ్ళలా పైకి వంచి, మునివేళ్ళే బురదలో ఆనించి నిలబడుతున్నాయి. ఆ వేళ్ళ మధ్యకు తొంగి చూడండి. రొయ్యపిల్లలు ఇవాళ్టికీ అక్కడే పెరుగుతుంటాయి.